గీత దాటిన కడ్డీలు

వదినా ఆడపడుచులు ఒకే వంటింట్లో సర్దుకుపోవడమే కష్టం. ఈ ఇద్దరూ ఒకే వంటింట్లోనూ, ఒకే ఆఫీసు గదిలోనూ, చివరికి ఒకే గెలాక్సీల మీద కూడా సర్దుకుపోవాల్సి వచ్చింది.

ఖగోళ విభాగంలో వదినని స్కేలు అనేవారు, ఆడపడుచుని బొంగరం అనేవారు. రెండు పేర్లూ పనిని బట్టి వచ్చినవే. కొన్ని గెలాక్సీల నడుమ నక్షత్రాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా, ఒక కడ్డీలాగా పేరుకుని ఉంటాయి. ఆ కడ్డీ చెదరకుండా, ఒక్క ముక్కలా, కేంద్రం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాని రెండు కొసల నుంచీ సాధారణంగా సుడి చేతులు మొదలవుతాయి. స్కేలు కడ్డీల పొడుగు కొలిచేది. బొంగరం అవి ఎంత జోరుగా తిరుగుతున్నాయో కొలిచేది.

చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకునేవారు. స్నేహితురాలిని ఇంటికి తీసుకెళ్ళింది బొంగరమే. కళ్ళజోళ్ళ షాపు నడిపే అన్నకి పరిచయం చేసి, పెళ్ళి దాకా నడిపించిందీ తనే. “ఏరికోరి కొరివితో తల గోక్కున్నాను” అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

చెడింది ఉద్యోగం దగ్గర. విభాగంలో ఒక పర్మనెంటు పోస్టు పడింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. స్కేలు అప్పటికే వందలకొద్దీ కడ్డీల పొడుగులు కొలిచి పెద్ద పట్టిక ఒకటి అచ్చు వేయించింది. ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని వాడుకుంటున్నారు. పోస్టు ఆమెకే వచ్చింది. బొంగరానికి ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు వచ్చింది. అదీ వదిన గదిలోనే, రోజంతా గరగరలాడే ప్రింటరు పక్కన బల్ల. ఇల్లు దొరికేదాకా అని అన్న ఇంట్లో వెనక గదిలో దిగింది. ఇల్లు దొరకలేదు. ఆమె గట్టిగా వెతకనూ లేదు.

కోపం పెరిగేకొద్దీ వాళ్ళ మధ్య మర్యాద పెరిగింది. ఏమే అంటే ఏమే అని పిలుచుకున్నవాళ్ళు మీరు, అండీ దాకా వచ్చారు. “మీరు వాడిన గిన్నె కుళాయి కింద అలాగే ఉందండీ” అని స్కేలు అంటే, “మీరు అంత శ్రద్ధగా చూస్తారని తెలిస్తే ఇంకో రెండు వేసేదాన్నండీ” అని బొంగరం అనేది. అన్నగారు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా కూర్చుని గబగబా తిని లేచేవాడు.

అలాంటి సమయంలో కొత్త టెలిస్కోపు నుంచి గెలాక్సీల కొలతలు వచ్చాయి. పొడుగు, వేగం కలిపి ఒక వ్యాసం రాయమని విభాగాధిపతి ఇద్దరినీ పిలిచి చెప్పాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. కాదనడానికి స్కేలుకి కారణం దొరకలేదు, బొంగరానికి ధైర్యం చాలలేదు. కాంట్రాక్టు పొడిగించేది ఆయనే.

రెండు కొలతలూ పక్కపక్కన పెట్టగానే అసలు గొడవ మొదలైంది. గెలాక్సీలో కేంద్రానికి దూరంగా ఉన్న నక్షత్రాలకి ఒక చుట్టు తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఏదో ఒక దూరంలో నక్షత్రాలూ కడ్డీ సరిగ్గా ఒకే జోరుతో తిరుగుతాయి. దాన్నే వాళ్ళు గీత అనేవారు. కడ్డీ ఆ గీతకి లోపలే ఆగాలి. గీత బయట ఉన్న నక్షత్రాలు కడ్డీతో కలిసి నడవలేవు, చెదిరిపోతాయి. కడ్డీ ఎంత జోరుగా తిరిగితే గీత అంత లోపలికి వస్తుంది. ఇప్పుడు చూస్తే స్కేలు కొలిచిన కడ్డీల్లో మూడో వంతు, బొంగరం లెక్కకట్టిన గీతలు దాటి బయటికి పొడుచుకొచ్చాయి.

“ఇదేంటమ్మా,” అన్నాడు పెద్దాయన తెర మీద చుక్కలు చూపిస్తూ. “ఇలాంటి కడ్డీలు ఉండటానికే వీల్లేదు కదా.”

“వేగాలు ఒకసారి చూసుకోమనండి సార్,” అంది స్కేలు. “నా పొడుగులు ఇన్నేళ్ళుగా అందరూ వాడుతున్నారు.”

“అందరూ వాడినంత మాత్రాన సొట్ట కుంచం సరైన కుంచం అయిపోదు సార్,” అంది బొంగరం.

“ఆకాశంలో గెలాక్సీ ఏ వాలున ఉందో రెండు మూడు డిగ్రీలు తప్పు పట్టుకుంటే చాలు, వేగం ఎక్కడికో పోతుంది. ఆ సంగతి సార్‌కి చెప్పారా మీరు?”

“కడ్డీ ఎక్కడ ఆగిందో తెలియక సుడి చేతుల్లోకి వెళ్ళిపోతున్నారని మీరు చెప్పారా?”

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇంటి గొడవలు ఇక్కడికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి.”

“ఇది ఇంటి గొడవ కాదండీ,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఏడాది వాళ్ళు ఏకీభవించిన మాట అదొక్కటే.

సాయంత్రం భోజనాల దగ్గర కూడా అదే నడిచింది. అన్న కాసేపు ఇటు, కాసేపు అటు చూశాడు.

“పోనీ ఒక పని చెయ్యండి,” అన్నాడు. “నువ్వు కొంచెం పొట్టి చెయ్యి, అది కొంచెం నెమ్మది చేస్తుంది. చెరి సగం. పీడా పోతుంది.”

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

“కూరగాయల బేరమా ఇది?” అంది పెళ్ళాం.

“షాపుకొచ్చిన వాళ్ళకి కూడా కళ్ళజోడు ఇలాగే ఇస్తావా అన్నయ్యా?” అంది చెల్లెలు.

అతను మజ్జిగ తాగి లేచిపోయాడు.

బొంగరం ఊరికే కూర్చోలేదు. గీత దాటిన గెలాక్సీల చిత్రాలన్నీ దించుకుని, కడ్డీల పొడుగు తనే కొలవడం మొదలుపెట్టింది. వదిన పద్ధతి ఆమెకు తెలిసిందే. సమానంగా వెలిగే చోట్లని కలుపుతూ ఒకదాని చుట్టూ ఒకటిగా కోడిగుడ్డు ఆకారాలు గీస్తారు. ఏ గుడ్డు అన్నిటికంటే సాగి ఉంటే అక్కడికి కడ్డీ అయిపోయినట్టు. కానీ ఈ గెలాక్సీల్లో సుడి చేయి కడ్డీ కొసకి అతుక్కుని, అదే దారిలో కొంతదూరం పోయి, తర్వాత వంపు తిరుగుతోంది. గుడ్డు ఆ చేతిని కూడా కలుపుకుని సాగుతోంది. ఒక చిత్రం తర్వాత ఇంకో చిత్రంలో అదే కనబడేసరికి ఆమెకు కడుపు చల్లబడింది. పట్టిక తప్పు. ఆ పట్టిక చూపించే కదా పోస్టు కొట్టేసింది.

వదినకి ఒక్క మాట కూడా చెప్పకుండా, వారం వారం జరిగే సమావేశంలో ఆ చిత్రాలు తెర మీద పెట్టింది. విభాగం మొత్తం కూర్చుని ఉంది. స్కేలు చివరి చిత్రం దాకా కదలకుండా చూసి లేచింది.

“ఏ కడ్డీలు గీత దాటాయో మీకు ముందే తెలుసు. తెలిసే కొలిచారు. ఎక్కడ కోస్తే మీ వేగాలు నిలబడతాయో అక్కడ కోశారు. దీన్ని కొలత అనరు.”

గదిలో తలలు ఊగాయి. అది న్యాయమైన మాట.

పెద్దాయన అప్పుడు అందరూ నకిలీ అని పిలిచే ఒకతన్ని రంగంలోకి దింపాడు. నకిలీ వేరే సంస్థలో పనిచేసేవాడు. కంప్యూటరులో గెలాక్సీలు తయారు చెయ్యడం అతని వృత్తి. నిజం గెలాక్సీ కడ్డీ అసలు పొడుగు ఎంతో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. నకిలీ చేసిన గెలాక్సీకి మాత్రం అన్నీ అతనికి తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎంత జోరున తిరగాలో పెట్టింది తనే. వాటిని టెలిస్కోపులో చూసినట్టే మసకగా, ఏటవాలుగా చేసి పంపిస్తాడు, జవాబులు మాత్రం తన దగ్గరే ఉంచుకుంటాడు. స్కేలు, బొంగరం ఇద్దరూ రెండు కొలతలూ తియ్యాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

“ఆ షరతు పెద్ద కష్టం కాదులే,” అన్నాడు ఎవరో వెనక నుంచి.

స్కేలు రెండు బల్లల మధ్య ఒక అట్టపెట్టె విప్పి నిలబెట్టింది. బొంగరం కిటికీ తెరిస్తే ఆమె మూసేది. ఆమె ఫ్యాను వేస్తే బొంగరం స్వెట్టరు తొడుక్కుని గట్టిగా తుమ్మేది. అయినా పని మాత్రం ఇద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశారు.

బొంగరానికి పొడుగు కొలవడం అనుకున్నంత సులువు కాలేదు. ఇతరుల కొలతలో తప్పు పట్టడం వేరు. కొత్త చిత్రం ముందు కూర్చుని, ఇదిగో ఇక్కడ అయిపోయింది అని చెప్పడం వేరు. వెలుగు ఎక్కడా తెగిపోదు. సన్నగా, మెల్లగా, తెలియకుండా చేతిలోకి జారుతుంది. ఆమె గుర్తు పెట్టి చెరిపి మళ్ళీ పెట్టేది.

అట్ట అవతల స్కేలు వేగాలతో కుస్తీ పడుతోంది. గెలాక్సీ మీద అడ్డంగా సన్నటి పట్టీలు పరిచి, ఒక్కో పట్టీలో వెలుగు సగటున ఎక్కడ ఉందో, ఎంత వేగంతో కదులుతోందో తీసి చుక్కలు పెట్టాలి. చుక్కలన్నీ ఒక సరళరేఖ మీద పడాలి, ఆ రేఖ ఎంత నిటారుగా ఉంటే కడ్డీ అంత జోరు. అవి పడటం లేదు. ఒక మధ్యాహ్నం ఆమె కుర్చీ ఇటు తిప్పి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని తెర వైపు తిరిగిపోయింది. అట్ట పక్క నుంచి బొంగరం చూసింది. వదిన ఏం అడగబోయిందో ఆమెకు తెలుసు. పట్టీలు బాగా పొడుగ్గా, గెలాక్సీ చివర్ల దాకా తీసుకోవాలి. ఒక్క మాటలో చెప్పెయ్యచ్చు. చెప్పలేదు. రెండు రోజుల తర్వాత స్కేలు అది తనంతట తనే కనుక్కుంది.

ఫలితాలు సమావేశం రోజు పొద్దున్నే వచ్చాయి, ఇద్దరికీ ఒకేసారి, ఆ ఇద్దరికి మాత్రమే. “ముందు మీరు చూసుకోండి, తర్వాత అందరి ముందూ చెప్పండి” అన్నాడు పెద్దాయన.

సుడి చేయి అతుక్కున్న చోటల్లా స్కేలు కడ్డీని పావు వంతు దాకా సాగదీసింది. మిగతా చోట్ల వంక పెట్టలేం. బొంగరం అంత కాకపోయినా తనూ కొంచెం సాగదీసింది. తప్పు ఎక్కడ ఉంటుందో తెలిసి కూడా. వేగాల్లో బొంగరం మెరుగు, నాలుగు గెలాక్సీల్లో తప్ప. ఆ నాలుగింటి అంచులు వంకరగా ఉన్నాయి. ఆమె వాలు తప్పు పట్టుకుని వేగం బాగా ఎక్కువ చూపించింది. స్కేలు అలవాటు కొద్దీ వాలుని లోపలా బయటా చాలా చోట్ల కొలిచి చూసుకుంది. ఆ నాలుగింటిలో ఆమెదే సరైన జవాబు.

బొంగరం తన ప్రసంగానికి బొమ్మలు సిద్ధం చేసుకుంది. వదిన కడ్డీలు ఎంతెంత సాగాయో ఎర్ర రంగులో వేసింది. తను తప్పిన ఆ నాలుగు గెలాక్సీలనీ మాత్రం వెయ్యలేదు. తర్వాత చేర్చచ్చు అనుకుంది.

ఆమె లేచి తెర దగ్గరికి వెళ్ళేలోపు ముందు వరసలో స్కేలు లేచింది.

“సార్, ముందు నాకు ఐదు నిమిషాలు కావాలి.”

పెద్దాయన సరేనన్నాడు.

“నా పట్టిక తప్పు,” అంది స్కేలు. చేతిలో కాగితం కూడా లేదు. “చేయి కడ్డీ కొసకి అతుక్కుని ఉన్నచోటల్లా చేతిని కూడా కడ్డీలో కలిపేశాను. దాన్ని వాడుకున్నవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ తప్పు కొలత ఇచ్చాను. సవరణ రాస్తున్నాను, ఈ వారమే పంపిస్తాను. ఇంకొక్క మాట. ఈ పోస్టు నాకు ఆ పట్టిక చూసే ఇచ్చారు. దాన్ని ఏం చెయ్యాలో మీరు ఆలోచించుకోండి.”

కూర్చుంది. తర్వాత వెనక వరసలో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకుని, ఆ రోజుల్లో అందరూ అలాగే కొలిచారని, పోస్టు మాట ఇంకెప్పుడూ ఎత్తవద్దని, ఇలాంటి మనుషులు ఉండటం విభాగానికి గౌరవమని అన్నాడు.

బొంగరం తెర పక్కన నిలబడే ఉంది, పాము తనంతట తనే చచ్చాక కర్ర పట్టుకుని మిగిలినవాడిలా. ఎర్ర బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. అందరికీ అప్పటికే తెలిసిన సంగతి. ఎవరో ఫోను చూసుకుంటున్నారు.

“మరి నీ వేగాలు?” అని అడిగాడు పెద్దాయన. “అన్నీ సరిపోయినట్టేనా?”

“సరిపోయాయి సార్.”

నోరు జారిందో, జారనిచ్చిందో ఆమెకే తెలియలేదు. ముందు వరసలో స్కేలు తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. ఆ నాలుగు గెలాక్సీల సంగతి ఆ గదిలో తెలిసిన రెండో మనిషి ఆమే. దెబ్బ ఇప్పుడు పడుతుందని బొంగరం ఒళ్ళు బిగించుకుంది. స్కేలు తల దించుకుని పెన్ను మూత పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి అన్నకి కబురు ముందే చేరింది. “అంతమంది ముందు అలా ఒప్పుకోవాలంటే గుండె కావాలి,” అన్నాడు చెల్లెలితో.

“నెత్తిన పెట్టుకో,” అంది బొంగరం, చెప్పులు విసిరికొట్టి.

వంటింట్లో స్కేలు పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉంది. బొంగరం గుమ్మంలో ఆగింది.

“ఎందుకు ఊరుకున్నావు?”

“దేనికి?”

“తెలియనట్టు మాట్లాడకు. ఆ నాలుగూ.”

“ఓహో అవా.” స్కేలు మంట తగ్గించింది. “నేను చెప్తే ఏమయ్యేది? వదిన కసి తీర్చుకుందని ఊరంతా చాటుకునేదానివి. నీకు ఏడవడానికి ఒక వంక దొరికేది. దొరకనివ్వను. నీ తప్పు నువ్వే చెప్పుకో, లేకపోతే దాచుకుని చావు.”

“పొద్దున నువ్వు చేసింది కసి కాదా? నోటికాడ కూడు లాక్కున్నావు.”

“లాక్కున్నాను.” ఆమె గొంతు పెంచలేదు. “ఫలితాలు చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది నీ మొహం. ఆ బొమ్మలు చూపిస్తూ ఎలా నవ్వుతావో. అది కూర్చుని చూడటం కంటే నేనే చెప్పెయ్యడం నయమనిపించింది. నిజాయితీ అంటున్నారు అందరూ. అననీ.”

“ఆ పోస్టు నాకు రావాల్సింది.”

“కావచ్చు.” పాలు పొంగుతుంటే స్కేలు గిన్నె దించింది. “ఇవ్వను.”

బొంగరం వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. వారం రోజులు ఆ నాలుగు గెలాక్సీలూ ఆమెను తిననివ్వలేదు. పొడుగులు సవరిస్తే చాలా కడ్డీలు గీత లోపలికి వచ్చేస్తాయి. నిజం గెలాక్సీల్లోనూ వంకర అంచులవి కొన్ని ఉన్నాయి. వాటి వేగాలు అలాగే వదిలేస్తే ఆ కడ్డీలు గీత దాటే ఉంటాయి. ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోకపోవచ్చు కూడా. చెప్తే కాంట్రాక్టు పోవచ్చు. చెప్పకపోతే రోజూ ఆ గదిలో ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి, ఆమెకు అంతా తెలుసని తెలిసి.

తర్వాతి సమావేశానికి సగం మందే వచ్చారు. సర్వరు మరమ్మతు మాట, సామాన్ల గది తాళం మాట అయిపోయాక బొంగరం లేచి నాలుగు గెలాక్సీల సంగతి చెప్పింది.

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. “పోయిన వారం అడిగితే సరిపోయాయన్నావు.”

“అబద్ధం చెప్పాను సార్.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో కుర్చీ జరిపారు. స్కేలు గొంతు వినబడింది.

“నిజం గెలాక్సీలకి వాలు ఎన్ని చోట్ల చూశారండీ?”

“ఒక్క చోటే.”

“అయితే అన్నీ మళ్ళీ చెయ్యాలి.”

“తెలుసండీ.”

అన్నీ మళ్ళీ చేసింది. పొడుగులూ వేగాలూ సవరించాక, గీత దాటినవాటిలో రెండు తప్ప అన్నీ లోపలికి వచ్చాయి. ఆ రెండూ ఎందుకు రాలేదో ఎవరికీ తెలియలేదు, అలాగే రాశారు. ఎవరి పేరు ముందు ఉండాలన్న దాని మీద రెండు వారాలు నడిచాక పెద్దాయన విసిగి అక్షరక్రమంలో పెట్టించాడు. వ్యాసం అచ్చయింది. బొంగరం కాంట్రాక్టు ఆ సంవత్సరం ఆరు నెలలకే పొడిగించాడు. కారణం చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆమె సైకిలు షాపు మీద ఒక గది చూసుకుంది. అన్న పెట్టెలు మోశాడు. తన ఇంటి మెట్ల మీద ఆగి, “పోనీ ఇంకొన్నాళ్ళు ఉండరాదూ” అన్నాడు, లోపలికి వినబడకుండా. స్కేలు గుమ్మం దాకా వచ్చి గిన్నెల సంచి అందించింది. “మీవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత నన్ను అనద్దు,” అంది. బొంగరం అక్కడే, మెట్ల మీదే, సంచి విప్పి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

చలికాలంలో టెలిస్కోపు నుంచి కొత్త గెలాక్సీలు వచ్చాయి. స్కేలు పొడుగులు పంపించింది. బొంగరం ఒక్కో చిత్రం తెరిచి, ఎక్కడ సాగదీసిందా అని వెతికింది. రెండు రోజులు వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. తన వేగాలు చేసి, వాలు లోపలా బయటా చూసుకుని, అవతలి బల్లకి పంపింది.

మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. “మూడోది మళ్ళీ చూడండి.”

బొంగరం పైకే తిట్టుకుంటూ మూడోది తెరిచింది. కాసేపటికి తిట్టడం ఆపి, పట్టీలు మొదటి నుంచి పరచడం మొదలుపెట్టింది.